కరిగినంత తినవలెను

రాష్ట్ర గోనెసంచుల సంస్థకు పుట్టిన నాటినుంచీ ఒకటే సూత్రం. గోదాములోంచి వెళ్లిన సంచీ తిరిగి గోదాముకు రావాలి. రైసుమిల్లుకు వెయ్యి సంచులు పంపితే వెయ్యీ వెనక్కి రావాలి. ఎలకలు కొరికినా, వానకు తడిసి కుళ్లినా, మిల్లు యజమాని వాటితో తన గేదెలపాకకి పరదాలు కట్టుకున్నా లోటు లోటే. ఏ ఉద్యోగి చేతిమీదుగా సంచీ వెళ్లిందో ఆ ఉద్యోగే బదులు సంచీ తెచ్చి పెట్టాలి. ఈ పద్ధతిలో ముప్ఫయ్యేళ్లు పనిచేసినవాళ్లకు లోకమంతా సంచుల్లాగే కనిపిస్తుంది. పెళ్లికి వెళ్లినా లోపలికి ఎంతమంది వెళ్లారు, బయటికి ఎంతమంది వచ్చారు అని చూస్తూ కూర్చుంటారు.

కాకినాడ జిల్లా కార్యాలయంలో రికార్డుల సెక్షను సీనియర్ అసిస్టెంటు తోలేటి భుజంగరావు అలాంటి మనిషే. మంచివాడు, నెమ్మదస్తుడు, తొంభై నాలుగు కిలోలవాడు. ఆయనకు జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే, సూపరింటెండెంటు కుర్చీ. ఫ్యాను కింద, కిటికీ పక్కన, వీపుమీద తెల్లటి తువ్వాలు పరుచుకుని ఉండే ఆ కుర్చీ వంక పదకొండేళ్లుగా చూస్తున్నాడు. అందులో ఉన్నాయన మార్చి ముప్ఫయ్యొకటిన దిగిపోతాడు. ఆ తర్వాతి వంతు భుజంగరావుది. తను రిటైరవడానికి అక్కణ్ణుంచి పది నెలలే ఉంటుంది. జీతంలో పెరిగేది పెద్దగా ఏమీ లేదు. కానీ బావమరిది ఏ శుభకార్యంలో కనబడినా నలుగురి మధ్యా "ఏం బావగారూ, ఇంకా గుమాస్తాయేనా?" అని అడుగుతాడు. ఆ మాటకు ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, "కాదు" అని జవాబు చెప్పి దిగిపోవాలి. అంతే ఆయన అడిగేది.

డిసెంబరు మొదట్లో సంస్థ ఎండీగారు ఆరోగ్యం మీద ఏదో సదస్సుకని బెంగుళూరు వెళ్లి, పెద్ద హోటల్లో మూడు రోజులుండి వచ్చారు. ఆ మూడు రోజుల్లో ఆయనే రెండు కిలోలు పెరిగారని డ్రైవరు చెబుతాడుగానీ డ్రైవర్ల మాట మనకెందుకు? వచ్చిన మర్నాడే ఆదేశం వెలువడింది.

"సిబ్బంది యందు గల అనవసరపు బరువు సంస్థ పురోగతికి అవరోధముగా పరిణమించినట్లు యాజమాన్యము దృష్టికి వచ్చియున్నది. కావున ఇకమీదట పదోన్నతి కోరు ప్రతి స్థూలకాయ ఉద్యోగియు మార్చి 31వ తేదీ లోపల ఆరు కిలోలకు తగ్గకుండా బరువు తగ్గవలెను."

ఆదేశంతోపాటు తలా ఒక చేతిపట్టీ వచ్చింది. చూడటానికి గడియారంలా ఉంటుంది, టైము మాత్రం చెప్పదు. మనిషి ఎన్ని అడుగులు వేశాడో, ఎన్ని కేలరీలు కరిగించాడో చెబుతుంది.

భుజంగరావు మర్నాటినుంచే మొదలెట్టాడు. పొద్దున్న తొమ్మిదికల్లా ఆఫీసుకు వచ్చి గోదాము చుట్టూ నడవడం. గోదాము చుట్టూ పన్నెండుసార్లు తిరిగేసరికి పట్టీలో మూడువందల పది అని అంకె పడేది. చొక్కా తడిసి ముద్దయ్యేది. ఆపైన ఆకలి. మామూలు ఆకలి కాదు, ఎదురుగా వచ్చిన ఫైలును కూడా ఉప్మాలో నంచుకుని తినాలనిపించే ఆకలి. క్యాంటీను నూకరత్నం పెనం మీద పెసరట్టు తిప్పుతున్న చప్పుడు వింటే ఆయన కాళ్లు వాటంతటవే అటు మళ్లేవి.

"ఇంకోటి వేసెయ్యమంటారా బాబూ? నడిచొచ్చారు కదా," అనేది నూకరత్నం.

అక్కడే ఆయనకు అనుమానం వచ్చింది. నడిచి కరిగించిందాన్ని మళ్లీ తినవచ్చా, తినకూడదా? తింటే నడిచిందంతా వృథా కాదా? తినకపోతే కళ్లు తిరిగి పడిపోడా? ఏ డాక్టరుని అడిగినా "కొంచెం తినండి, మొత్తం తినకండి" అని అరనిమిషంలో చెప్పి పంపేసేవాడు. భుజంగరావు డాక్టరుని అడగలేదు. ముప్ఫయ్యేళ్ల అలవాటు చొప్పున జిల్లా మేనేజరుగారికి రాతపూర్వకంగా అడిగాడు. ఆయన తన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదే.

జిల్లా మేనేజరు పేరిచర్ల అనంతవర్మగారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి కళ్లజోడు తీశారు.

"భుజంగరావుగారూ, ఏం పని చేశారండీ ఇది?"

"చిన్న సందేహమండి."

"చిన్నదా? ఇది విధానపరమైన అంశం. తినండి అని నేనంటే అధికార పరిధి దాటినవాణ్ణవుతాను. తినొద్దంటే మీరు పడిపోతే నా మీదికొస్తుంది. పైకి పంపిస్తున్నాను. జవాబొచ్చేదాకా సగం పెసరట్టు తినండి."

"సగం ఇవ్వరండి క్యాంటీన్లో."

"అదికూడా పైకి రాస్తాను."

జవాబు రావడానికి అయిదు వారాలు పట్టింది. ఈలోగా భుజంగరావు సగం పెసరట్టుతోనే గడిపి, నడిచి, కిలోన్నర తగ్గాడు. కిలోన్నర తగ్గానని ఇంట్లో భార్య విశాలాక్షికి చెప్పి, ఆవిడ చేత పాత ప్యాంటు బిగుతు చేయించుకున్నాడు కూడా. జనవరి పన్నెండున ప్రధాన కార్యాలయం నుంచి కవరు వచ్చింది. అందులో ఎనిమిది పేజీలున్నాయి. సారాంశం ఇది.

"ఉద్యోగి శరీరము నందలి కేలరీలు సంస్థ క్యాంటీను ద్వారా రాయితీపై జారీ చేయబడినవి గనుక అవి సంస్థ సరుకే. వ్యాయామము పేరిట వాటిని దహనము చేయుట సరుకును గోదాము వెలుపలికి పంపుటతో సమానము. సంస్థ మూల నిబంధన ప్రకారము వెళ్లినది తిరిగి రావలెను. కావున కరిగిన ప్రతి కేలరీని అదే దినము సాయంత్రము ఐదు గంటలలోపు భోజన రూపమున పునరుద్ధరింపవలెను. పునరుద్ధరింపనివారు లోటుదారులగుదురు. లోటుదారులు పదోన్నతికి అనర్హులు. బరువు తగ్గింపు లక్ష్యమునందు ఎట్టి మార్పును లేదు."

వర్మగారు చదివి వినిపించి, నిట్టూర్చి, "మీ సందేహం తీరిందిగా?" అన్నారు.

"తీరిందండి," అన్నాడు భుజంగరావు. "కానీ కరిగిందంతా తినేస్తే బరువెలా తగ్గుతానండి?"

"రాతపూర్వకంగా అడుగుతారా?"

"వద్దండి!" అన్నాడు భుజంగరావు రెండు చేతులూ జోడించి.

ఆ వారంలోనే కేలరీ పునరుద్ధరణాధికారి అనే కొత్త హోదాతో బొర్రా పరంజ్యోతి దిగాడు. అంతకుముందు ఇరవయ్యేళ్లు చిరుగు సంచుల విభాగంలో చిరుగులు కొలిచేవాడు. సన్నగా, నిటారుగా, చొక్కా జేబులో నాలుగు రంగుల పెన్నులతో ఉంటాడు. ఆఫీసులో ఇంకెక్కడా గది ఖాళీ లేక మూడో అంతస్తులో కూర్చోబెట్టారు. లిఫ్టు అనే పేరుగల గదిలో పాత బీరువాలు పెట్టి ఆరేళ్లయింది. కాబట్టి అందరూ మెట్లెక్కి వెళ్లాలి.

మొదటిరోజు భుజంగరావు ఇరవయ్యారు గళ్ల ఫారం నింపుకుని, పెసరట్టూ ఉప్మా తిన్నట్టు నూకరత్నం వేలిముద్ర వేయించుకుని, ఆయాసపడుతూ పైకెక్కాడు. పరంజ్యోతి ఫారం చూశాడు, పట్టీ చూశాడు.

"కరిగింది మూడువందల పది. తిన్నది నాలుగువందలు. తొంభై ఎక్కువ తిన్నారు."

"పెసరట్టు మధ్యలో ఆపడం కుదర్దండి."

"ఆ తొంభై కరిగించి రండి."

గోదాము చుట్టూ మూడున్నర చుట్లు తిరిగి, మళ్లీ మూడంతస్తులూ ఎక్కి వచ్చాడు.

"ఇప్పుడు సరిపోయిందా అండీ?"

"నడకవరకూ సరిపోయింది. మెట్లెక్కినందుకు ఇరవై రెండు కరిగింది. అది తినాలి."

"కిందికెళ్లి తిని రానా?"

"వెళ్తే మళ్లీ ఎక్కాలి. మళ్లీ ఇరవై రెండు." పరంజ్యోతి సొరుగు తెరిచి సీసా బయటికి తీశాడు. సీసా నిండా నిమ్మ బిళ్లలు. కిరాణాకొట్టులో చిల్లర లేనప్పుడు చేతిలో పెడతారే, అవే. "ఒక్కోటి పదకొండు. రెండు తీసుకోండి. నా ఎదురుగా తినండి."

భుజంగరావు రెండు బిళ్లలూ నోట్లో వేసుకుని చప్పరించాడు. పరంజ్యోతి ఆయన దవడల వంక చూస్తూ, నమలకండి, నమిలితే మళ్లీ కొంత ఖర్చవుతుంది అన్నాడు. అయిదు గంటలకు ఓ రెండు నిమిషాల ముందు ఆకుపచ్చ పెన్నుతో సంతకం పడింది. ఇంతాచేసి ఆరోజు ఆయన చేసిన పని ఏమిటంటే తిన్నది కరిగించడం, కరిగింది తినడం. జీతం మాత్రం ఎప్పటిలాగే నడిచింది.

నెల తిరిగేసరికి మిగతావాళ్లకు కిటుకు తెలిసిపోయింది. కదిలితే కరుగుతుంది, కరిగితే ఫారం నింపాలి, కాబట్టి కదలకపోతే సరి. ఎవరి కుర్చీలో వాళ్లు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పట్టీ చెయ్యి ఊపినా లెక్కేస్తుంది గనక ఫైళ్లమీద స్టాంపు కొట్టడం మానేశారు. పిలిస్తే తల తిప్పకుండా కళ్లు మాత్రం తిప్పేవారు. ఆఫీసులో పని ఆగిపోయిందని మిల్లులవాళ్లెవరూ ఫిర్యాదు చేయలేదు. వాళ్లకు తేడా తెలియలేదు.

భుజంగరావుకి ఆ సుఖం కూడా లేదు. కుర్చీ కావాలంటే బరువు తగ్గాలి, తగ్గాలంటే నడవాలి, నడిస్తే తినాలి. ఫిబ్రవరి మొదటివారంలో సంచుల బేళ్లు తూచే కాటామీద నిలబెట్టి తూచారు. పోయిన కిలోన్నరా వచ్చి చేరింది. తొంభై నాలుగు. వెంటనే సంజాయిషీ నోటీసు. "రెండు నెలలుగా నడచుచున్నను మీరు ఏల తగ్గలేదు?" ఆయన జవాబు రాశాడు. "తమ ఆదేశము ప్రకారము కరిగినంతా తినుచున్నాను." దానిమీద ఇంకో నోటీసు. "తగ్గుమని ఆదేశమున్నను మీరు ఏల తినుచున్నారు?"

ఆ రెండో నోటీసు చదివాక ఆ నెమ్మదైన మనిషికి మొట్టమొదటిసారి కోపం వచ్చింది. కోపం వచ్చినవాడు ఏం చేస్తాడు? ఆ మర్నాడు పెసరట్టు తిన్నట్టు నటించి, ఎవరూ చూడకుండా పొట్లం కట్టి రికార్డు రూములో పాత ఫైళ్ల వెనకాల దాచాడు. అలా ఆరు రోజులు దాచాడు. ఏడో రోజు చీమలు వరసకట్టి మెట్లమీదుగా పరంజ్యోతి గదిదాకా వెళ్లాయి. పరంజ్యోతి చీమల వరస పట్టుకుని కిందికి దిగి వచ్చి పొట్లాలన్నీ బయటికి లాగాడు.

"రెండువేల నాలుగొందల కేలరీలు! భుజంగరావుగారూ, మిమ్మల్ని ఇలా అనుకోలేదండి."

"ఒగ్గెయ్యండి బాబూ, పాపం కుర్చీ కోసం తాపత్రయపడతన్నారు," అంది వెనకాల నూకరత్నం.

"నువ్వూరుకో. చీమలు ఎంత తిన్నాయో తేలాలి ముందు."

చీమలు తిన్నది పోగా మిగిలినంతా మూడు రోజుల్లో తినేస్తానని రాసిస్తేగానీ వదల్లేదు. అది తాజా పెసరట్లతోనే సుమండీ, పాతవి కావు. అంతవరకూ సంస్థకు మానవత్వం ఉంది.

మార్చి మొదటివారం వచ్చేసింది. కాటామీద ముల్లు తొంభై నాలుగు దగ్గర పాతుకుపోయి కదలనంటోంది. భుజంగరావు ఆశ వదిలేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఆయనకు జ్వరం వచ్చింది.

వచ్చిందంటే మామూలుగా రాలేదు. నూటమూడు. మంచమెక్కినవాడు పద్ధెనిమిది రోజులు దిగలేదు. నోటికి బార్లీ తప్ప ఏదీ సహించలేదు. విశాలాక్షి తడిగుడ్డ మార్చి మార్చి వేసి, దేవుళ్లందరికీ మొక్కి మొక్కి, ఎలాగో మనిషిని దక్కించుకుంది. డాక్టరు మందులు మాన్పిస్తూ, "పేగులు బాగా నీరసపడ్డాయండి. నెల్లాళ్లపాటు చారన్నం, మజ్జిగన్నం. అంతకుమించి పెట్టారో, మళ్లీ నా దగ్గరికే తెస్తారు," అని మరీ మరీ చెప్పాడు.

లేచి ఆఫీసుకు వెళ్తే గుర్తుపట్టడానికి వర్మగారికి కాసేపు పట్టింది. గుర్తుపట్టగానే ఆయన చేసిన మొదటి పని భుజంగరావుని కాటా ఎక్కించడం. ఎనభై అయిదు!

"తొమ్మిది కిలోలు!" వర్మగారు ఆనందం పట్టలేక కాటామీదే ఆయన్ని కావలించుకున్నారు. ముల్లు నూట అరవై దాటింది. "నడక లేదు, కరిగింది లేదు, లోటు లేదు, బరువు మాత్రం తగ్గింది! సంస్థ మొత్తంమీద మీరొక్కరే సాధించారు. ఎలా సాధించారో రాసివ్వండి, అన్ని జిల్లాలకూ పంపుదాం."

"జ్వరమండి."

"ఏ జ్వరం? ఎక్కణ్ణుంచి తెప్పించారు?"

భుజంగరావు కళ్లలో నీళ్లు తిరిగాయి. జ్వరం వల్ల కాదు. కిటికీ పక్కన తెల్లటి తువ్వాలు ఫ్యానుగాలికి ఊగుతోంది. పదకొండేళ్ల తర్వాత అది నాలుగడుగుల దూరంలో ఉంది. బావమరిది మొహం ఎలా పెడతాడో కూడా ఊహించుకున్నాడు.

అప్పుడే పరంజ్యోతి మెట్లు దిగి వచ్చాడు. చేతిలో కాగితం ఉంది.

"అభినందనలండి. చిన్న విషయం. ఆ తొమ్మిది కిలోలూ ఎక్కడికెళ్లాయి?"

"జ్వరానికి పోయాయండి."

"పోవడమంటే? జ్వరమంటే ఒంట్లో వేడి. వేడి అంటే దహనం. అంటే మీరు పద్ధెనిమిది రోజులు ఇంట్లో పడుకుని, పట్టీ తీసి పక్కన పెట్టి, ముందస్తు అనుమతి లేకుండా దహనం చేశారు." ఎర్ర పెన్ను తీశాడు. "కిలోకి ఏడువేల ఏడువందల చొప్పున అరవై తొమ్మిది వేల మూడువందల కేలరీలు లోటు."

వర్మగారు కూడా అదిరిపోయారు. "పరంజ్యోతీ, అది తినాలంటే మనిషి బతకొద్దూ?"

"అది నా పరిధి కాదండి. వెళ్లింది తిరిగి రావాలి."

ప్రధాన కార్యాలయానికి ఫోన్లు వెళ్లాయి. అక్కడి పెద్దలు దయగలవాళ్లు, చాలాసేపు ఆలోచించి దారి చూపించారు. మార్చి ముప్ఫయ్యొకటి పొద్దున్న భుజంగరావును తూచి, బరువు తగ్గినట్టు ధ్రువపత్రం ఇవ్వాలి. ధ్రువపత్రం చేతికి వచ్చిన తర్వాత లోటు తినడం మొదలెట్టాలి. మొదటి వాయిదాగా ఆరువేల మూడువందలు ఆరోజు అయిదు గంటలలోపు తింటే కుర్చీలో కూర్చోవచ్చు. తక్కిన అరవై మూడువేలు కుర్చీలో కూర్చుని పది నెలల్లో తీరిగ్గా తినవచ్చు. ఇంతటి సాధకుణ్ణి కళ్లారా చూడాలని ఎండీగారు స్వయంగా విచ్చేస్తున్నారు. కార్యక్రమానికి పునర్భోజన మహోత్సవం అని పేరు పెట్టారు.

ముప్ఫయ్యొకటి పొద్దున్న విశాలాక్షి ఇస్త్రీ చొక్కా అందిస్తూ, "మీరు తినలేరండి," అంది.

"ఒక్కపూటే కదే."

"డాక్టరు చెప్పింది విన్లేదా? కుర్చీ కోసం ప్రాణం మీదికి తెచ్చుకుంటారా ఏంటి?"

"మీ తమ్ముడికి ఏమని చెప్పమంటావు?"

"వాడికి నేను చెప్పుకుంటాను. ఆ పద్ధెనిమిది రోజులూ మీరు నాకు దక్కుతారో లేదో అని కూర్చున్నాను నేను. గుమాస్తా అయితే ఏం, సూపరింటెండెంటు అయితే ఏం?" భుజంగరావు చెప్పులు వేసుకున్నాడు.

గోదాము ముందు షామియానా వేశారు. వేదిక మీద బల్ల, బల్లమీద అరిటాకు. బల్లకు అటువైపు, పూలదండ వేసి, సూపరింటెండెంటు కుర్చీ. ఆకు ఖాళీ కాగానే భుజంగరావు లేచి చేయి కడుక్కుని అందులో కూర్చుంటాడన్నమాట. ఎనిమిది పెసరట్లు ఉప్మాతో సహా మూడువేల రెండువందలు, ఆరు బొబ్బట్లు పద్ధెనిమిది వందలు, పది కాజాలు పదమూడు వందలు. పరంజ్యోతి ఒక్కొక్కటీ చూసుకుని మైకులో చదివాడు. సిబ్బంది చప్పట్లు కొట్టలేదు, కొడితే ఫారాలు నింపాలి. కళ్లు ఆర్పి అభినందించారు.

పదకొండింటికి తూచారు. ఎనభై అయిదు. ధ్రువపత్రం అందిస్తూ ఎండీగారు గంటన్నర ప్రసంగించారు. "బరువు తగ్గుట ఘనత కాదు. తగ్గిన బరువును సంస్థకు తిరిగి అప్పగించుట ఘనత. శ్రీ భుజంగరావు ఈనాడు తినబోవునది పెసరట్టు కాదు, అది క్రమశిక్షణ!"

భుజంగరావు ఆకు ముందు కూర్చున్నాడు. పెసరట్ల మీదినుంచి నెయ్యి వాసన రాగానే మొహం పక్కకు తిప్పుకున్నాడు. చెయ్యి సాచలేక కూర్చున్నాడు. నూకరత్నం వడ్డించే వంకతో వంగి, కొంగుచాటున తెచ్చిన గిన్నె ఆకుపక్కన పెట్టింది.

"జ్వరపడి లేచిన నోరు బాబూ. ముందు కాసింత చారన్నం తినండి. మెత్తగా కలిపేను."

ఒక ముద్ద తిన్నాడు. మిరియాల చారు గొంతులోంచి వెచ్చగా దిగింది. నెల్లాళ్ల తర్వాత నాలిక్కి రుచి తెలిసింది. ఇంకో ముద్ద తిన్నాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది. కరిగిందో కరగలేదో చూసుకోకుండా, ఎన్ని కేలరీలో అడక్కుండా, ఆకలేసి అన్నం తిని ఎన్నాళ్లయింది! నాలుగు నెలలైంది. గిన్నె ఖాళీ చేసి, ఆశకొద్దీ ఒక పెసరట్టు అంచు తుంచుకుని అల్లప్పచ్చడిలో ముంచి నోట్లో వేసుకున్నాడు. అదీ బాగుంది. అక్కడితో ఆయనకు సరిపోయింది.

తలెత్తి కుర్చీ వంక చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత ఆకు మడిచేశాడు.

"ఏమైంది?" అన్నారు ఎండీగారు.

"చాలండి."

"చాలు అనగా?"

"కడుపు నిండిందండి."

ఎండీగారు వర్మగారి వంక చూశారు. వర్మగారు పరంజ్యోతి వంక చూశారు. పరంజ్యోతి ఇరవయ్యారు గళ్ల ఫారాన్ని మొదట్నుంచి చివరిదాకా, చివర్నుంచి మొదటిదాకా వెతికాడు. చెమట తుడుచుకున్నాడు.

"సార్, ఇందులో కడుపుకి గడి లేదండి."

"ఆకలికి?"

"దానికీ లేదండి."

"భుజంగరావుగారూ," ఎండీగారు గొంతు తగ్గించారు, "ఇంకా ఆరువేల చిల్లర ఉంది. అయిదింటిదాకా టైముంది. కుర్చీ ఎదురుగానే ఉంది. కొంచెం ఆలోచించండి."

"కుర్చీ మీద నాకు చాలా ఆశుందండి. పదకొండేళ్లనుంచీ ఉంది," అన్నాడు భుజంగరావు. "కానీ ఆకలి లేదండి."

లేచి, చెయ్యి కడుక్కుని, నూకరత్నానికి దణ్ణం పెట్టి, రికార్డు రూములోకి వెళ్లిపోయాడు.

అయిదు గంటలకు కుర్చీని దండతో సహా లోపలికి మోసుకెళ్లారు. అరవై తొమ్మిది వేల చిల్లర లోటుతో భుజంగరావు పదోన్నతి ఫైలు మూసేశారు. ఇంటికి వెళ్లి సంగతి చెబితే విశాలాక్షి ముందు ఏడ్చింది, తర్వాత నవ్వింది. ఆ పైవారం బావమరిది ఎదురుపడి ఎప్పటి ప్రశ్న అడిగితే భుజంగరావు "ఇంకా గుమాస్తానే," అన్నాడు. మనసు చివుక్కుమంది. చివుక్కుమనలేదని చెబితే అబద్ధమవుతుంది.

పదిహేను రోజుల తర్వాత ప్రధాన కార్యాలయం నుంచి కొత్త ఆదేశం వచ్చింది. రికార్డుల సెక్షను కాబట్టి నకలు ముందుగా భుజంగరావు బల్లమీదికే వచ్చింది. మధ్యాహ్నం రెండున్నరకు, చద్దిపెట్టె కడుక్కుని వచ్చి కూర్చుని, ఆయన దాన్ని చదివాడు.

"పునరుద్ధరణ కార్యక్రమమునకు కలిగిన అంతరాయము దృష్ట్యా, ఇకమీదట ముందస్తు అనుమతి లేకుండ ఏ ఉద్యోగి కడుపును నిండరాదు. ఈ ఆదేశము తక్షణమే అమలులోకి వచ్చును. చదివి గ్రహించినట్లు సంతకము చేయవలెను."

భుజంగరావు చదివి గ్రహించినట్టు సంతకం చేశాడు. అప్పటికి ఆయన కడుపు నిండే ఉంది.